కుడిచేతి మచ్చ

అక్టోబరు 4

ఒరే లేతరంగూ,

ఆ పేరుతో నిన్ను పిలిచేవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను, కాబట్టి కోపం తెచ్చుకోకు. బేరాల గుడ్డలన్నీ అద్దేశాక తొట్టి అడుగున మిగిలిన నీలంలో నాన్న నీ చొక్కాలు ముంచేవాడు. ఎప్పుడు చూసినా వెలిసిపోయిన ఆకాశంలాగా తిరిగేవాడివి. బడి బడంతా నిన్ను లేతరంగూ అనేది. నువ్వు ఇంటికొచ్చి నామీద అరిచేవాడివి, ఆ పేరు పెట్టింది నేనేనని నీకు తెలుసు మరి.

ఎలా ఉన్నావు? మరదలి మోకాలు ఎలా ఉంది? ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు గొంతు చించుకుంటావు, నేను వినపడినట్టు ఊఁ కొడతాను. కాగితం మీద అయితే నీ గొంతు నాకు బాగా వినిపిస్తుంది.

అసలు సంగతికి వస్తాను. నాన్న అద్దకం షెడ్డు మూసేస్తున్నానురా. తడిసిన గుడ్డ బరువు నా చేతులు మొయ్యడం మానేశాయి. పోయినవారం ఒక దుప్పటి తొట్టిలోంచి లాగబోయి నేనే తొట్టిలో పడబోయాను. స్థలం పక్కనున్న వడ్రంగి తీసుకుంటానన్నాడు, మంచివాడే. కానీ ఒక్క కోరిక మిగిలింది. డిసెంబరు మొదట్లో చివరిసారి నీలి తొట్టి పెడతాను. దానికి నువ్వు రావాలి. గుడ్డ తొట్టిలోంచి ఆకుపచ్చగా లేచి, గాలి తగలగానే కళ్ళముందే నీలంగా మారుతుంటే చిన్నప్పుడు నువ్వు "ఎవరు మారుస్తున్నారు? ఎవరు?" అని షెడ్డంతా వెతికేవాడివి, గుర్తుందా? మీ బావగారు పోయినప్పుడు చూసుకున్నాం మనిద్దరం, అంతే. ఆ రోజు ఎవరి ఏడుపు వాళ్ళది.

నువ్వు రాకుండా ఆ తొట్టి మూత తియ్యను, చెబుతున్నాను.

నీ అక్క

*

అక్టోబరు 12

అక్కకు నీ తమ్ముడు వంగి దండం పెట్టి రాస్తున్నది.

వంగి అన్నది ఊరికే రాయలేదు. వేసవిలో నేను వంగలేకపోయాను. నీకు చెప్పలేదు, చెబితే రాత్రికి రాత్రి బయల్దేరతావని. ఒకరోజు లేచేసరికి భుజాలు, తొడలు కర్రల్లాగా బిగుసుకుపోయాయి. దువ్వెన తలదాకా ఎత్తలేను. దుకాణంలో కళ్ళజోడు బిగించాలంటే ముంజేతులు బల్లమీద ఆనించి, ఆవగింజంత స్క్రూతో కుస్తీ పట్టేవాణ్ణి. నీ మరదలే చొక్కా గుండీలు పెట్టింది. కీళ్ళ డాక్టరు చూసి స్టీరాయిడ్ మాత్ర రాశాడు. అక్కా, మర్నాడు సాయంత్రానికి నా తల నేనే దువ్వుకున్నాను. అద్దంముందు నిలబడి రెండుసార్లు దువ్వుకున్నాను. అప్పటినుంచీ రోజూ ఆ మాత్ర వేసుకుంటున్నాను.

వస్తాను. తప్పకుండా వస్తాను. నిన్న డాక్టరుకు ప్రయాణం మాట చెప్పాను. ఈ చలికాలం జ్వరాలు గట్టిగా ఉంటాయి, కిక్కిరిసిన బస్సులో అంత దూరమంటే ముందు ఫ్లూ టీకా వేయించుకోవాలన్నాడు. ప్రాణమున్న క్రిములతో చేసే టీకాలు నాలాంటివాడికి పనికిరావట, ఇది చచ్చిన క్రిములదేనట, భయం లేదన్నాడు. తర్వాత ఒక మాటన్నాడు, అదే నా బుర్ర తొలుస్తోంది. "ఈ మాత్ర ఒంట్లో వాపును అణిచిపెడుతుంది కదండీ, టీకాకు ఒళ్ళు స్పందించడం కూడా కొంత తగ్గొచ్చు" అన్నాడు. ఇంకా ఏదో చెబుతుంటే నేను తొట్టి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. టీకా పట్టకపోతే ఎలా? పట్టకుండానే బస్సెక్కి, జ్వరం మోసుకుని నీ గుమ్మంలో దిగుతానా?

వచ్చేనెల పదో తారీఖున సూది. ఏం చెయ్యమంటావు? సూదుల గురించి నిన్నా అడగడం అంటావేమో. అడిగేందుకు నాకు ఇంకో అక్క లేదు.

లేతరంగు (అని నేనే రాసుకోవాల్సి వచ్చింది)

*

అక్టోబరు 19

ఒరే దొంగా,

వేసవి అంతా మంచాన పడి, "ఇక్కడ అందరం క్షేమం" అని రాశావా? నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి నిజమే, నువ్వు పుట్టినప్పటినుంచీ అంతేగా అనుకున్నాను. మరదలికి కూడా చెప్పు, ఇద్దరిమీదా కోపంగా ఉన్నానని.

సూది గురించి నన్నడిగితే ఏం చెబుతాను? టీకాలవాళ్ళు బడికొచ్చిన రోజు నేను గోడ దూకి పారిపోయి, ఖాళీ తొట్టిలో దాక్కున్నదాన్ని. మూత వేసుకుని మరీ. నువ్వేమో నీ వరసలో ఎడమచేతికి పొడిపించుకుని, మళ్ళీ మా తరగతి వరసలో దూరి, చొక్కా మడిచి కుడిచెయ్యి చాచావు. ఆ మనిషి తలలు లెక్కపెట్టుకునేవాడు గానీ మొహాలు చూసేవాడు కాదు. నా లెక్క నీ చేతిమీద తీరిపోయింది. మీ బావగారితో నేను ఎప్పుడూ చెప్పేదాన్ని, నా మచ్చ నా తమ్ముడి కుడిచేతిమీద ఉంది అని. నువ్వేమో సూదికొకటి ఇచ్చే పిప్పరమెంటు బిళ్ళ కోసం వెళ్ళానంటావు. వెళ్ళే ఉంటావులే, తిండిపోతువి.

నాకు తెలిసింది రంగులే. పెళ్ళి ఎరుపు గుడ్డ తెచ్చి నల్లగా అద్దమంటే నాన్న ఏం చేసేవాడు? ముందు సోడా వేసి ఉడకబెట్టి ఆ ఎరుపంతా దించేవాడు. పాత రంగు దిగకుండా కొత్తది వేస్తే సరిగ్గా ఎక్కదని ఎంతమంది మీద కేకలేశాడో. నీ మాత్రా టీకా కథ కూడా నాకు అలాగే వినిపిస్తోంది.

అది పక్కన పెట్టు. నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. ఆ దుకాణం కొన్నాళ్ళు మూసి ఇంట్లో కూర్చో. రోజంతా దగ్గేవాళ్ళ మొహాల్లో మొహం పెట్టి కళ్ళజోళ్ళు సవరిస్తావు, జబ్బు రమ్మంటే రాదూ? ఒళ్ళు తేరుకుంటే అన్నీ పడతాయి.

నీ అక్క

*

అక్టోబరు 25

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పిందే సబబుగా తోచింది. నాన్న బతికుంటే ఆయనా అదే చెప్పేవాడు. మొన్నటినుంచీ అలాగే చేస్తున్నాను. అసలు సంగతి నీ మరదలికి చెప్పలేదు, చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. పదో తారీఖుకల్లా సిద్ధంగా ఉంటాను.

మొదటి రోజు ఏమీ తెలియలేదు. ఇవాళ పాత నొప్పులు తలుపు తడుతున్నట్టున్నాయి. పర్వాలేదు, ఓర్చుకుంటాను. నువ్వు ఎండాకాలంలో పొయ్యిముందు నిలబడి గుడ్డలు ఉడకబెట్టినదానివి, నీ తమ్ముణ్ణి నేను.

బస్సు టిక్కెట్టు సంగతి కనుక్కున్నాను. కిటికీ పక్కన సీటు అడిగాను, చిన్నప్పుడు ఎప్పుడూ నువ్వే కూర్చున్నావు గనక.

నీ తమ్ముడు

*

నవంబరు 1

నా బంగారు తమ్ముడికి,

జన్మలో మొదటిసారి నా మాట విన్నావు. ఈ ఉత్తరం దాచుకుంటాను, రేపెప్పుడైనా వినలేదంటే చూపించడానికి.

అలవాటైనదాన్ని ఒక్కసారిగా వదిలేస్తే ఒళ్ళు మొరాయిస్తుందిరా. నేను గుడ్డలు మొయ్యడం తగ్గించిన మొదటి వారం నడుం ఇంకా ఎక్కువ నొప్పెట్టింది. ఎక్కడెక్కడి నొప్పులూ అప్పుడే గుర్తొస్తాయి. భయపడి మధ్యలో వదలకు. మరదలు ఏమన్నా వినకు, ఆవిడకేం, పొద్దున్నే నిన్ను బయటికి తోస్తే ఇల్లు ఊడ్చుకోవచ్చు.

నీలిమందు వచ్చింది. డబ్బా మూత తియ్యగానే ఆ పచ్చి వాసనకు మన ఇల్లంతా ఒక్కసారి కళ్ళముందు నిలబడింది. అమ్మ వేళ్ళు గుర్తున్నాయా? పండక్కీ పబ్బానికీ కూడా గోళ్ళు నీలంగానే ఉండేవి. ఎవరింటికైనా వెళితే చేతులు కొంగులో దాచుకునేది. నీకు జ్వరమొస్తే మాత్రం ఆ చెయ్యే నుదుటిమీద పెట్టేది, నువ్వు పొద్దున లేచి "నా మొహానికి రంగంటిందా?" అని అద్దం దగ్గరికి పరిగెత్తేవాడివి. ఇప్పుడు నా గోళ్ళు అచ్చం అలాగే ఉన్నాయి. నువ్వొచ్చి చూడాలి.

నీ అక్క

*

నవంబరు 7

అక్కకు,

ఉత్తరం అందింది. నువ్వు మధ్యలో వదలొద్దన్నావు గనక వదల్లేదు. లేకపోతే నిన్న వదిలేసేవాణ్ణే.

కాస్త నీరసం. తిన్నది నిలవడం లేదు. లేచి నిలబడితే దుకాణం గోడమీద చూపు పరీక్షించే అక్షరాల పలక ఊగుతోంది. అందరికీ చదివించేవాణ్ణి, నాకే పైవరస కనపడలేదు. నవ్వొచ్చింది. ఇంకెంత, పదో తారీఖు దగ్గరికొచ్చేసింది. నాలో పాతరంగు చుక్కయినా మిగలదు.

*

నవంబరు 13

తమ్ముడూ,

నిన్న మరదలు ఫోను చేసింది. నాకు సగమే వినిపించింది. నువ్వు సూదికి ముందురోజు దుకాణంలో స్టూలు మీదనుంచి పడిపోయావట, రక్తపోటు అడుగంటిందట, ఆసుపత్రిలో సెలైను సీసా ఎక్కించారట. మాత్రలు నువ్వే మానేశావట. ఎందుకు మానేశారో తెలీదు వదినా, ఎవరు చెప్పారో తెలీదు అని ఏడ్చింది.

ఆవిడ ఫోను పెట్టేశాక నీ ఏడో తారీఖు ఉత్తరం వచ్చింది. చివర ఆ పాతరంగు మాట చదివాక గానీ, నేనేం రాశానో నాకు గుర్తురాలేదు.

ఒరే, నేను దుకాణం మూసి ఇంట్లో కూర్చోమన్నానురా! నువ్వు దుకాణమే మానేశావనుకుని, ఓర్చుకో, వదలకు అని రాశాను. మాత్ర మానెయ్యమని నేను ఎప్పుడన్నాను? రంగు దించడం నోటికొచ్చిన మాట. ఒళ్ళేమన్నా గుడ్డా సోడా వేసి ఉడకబెట్టడానికి? నీకు బుద్ధి ఉండొద్దా? నాకుండొద్దా?

నీమీద అరుస్తున్నాను గానీ భయంతో అరుస్తున్నాను. మనం ఇద్దరమే మిగిలాం. నీకేమైనా అయితే చిన్నప్పటి సంగతి ఒక్కటైనా "అవును, అలాగే జరిగింది" అనేవాళ్ళు నాకు ఎవరున్నారు?

నువ్వు రాయలేకపోతే మరదలి చేత ఒక్క వాక్యం రాయించు. తొట్టి వద్దు, ఏమీ వద్దు.

అక్క

*

నవంబరు 24

అక్కకు,

ఒక్క వాక్యం అడిగావు: బతికే ఉన్నాను, ఇంటికొచ్చాను.

ఇప్పుడు మిగతాది. తప్పు నీది కాదు. నువ్వు రాసింది రంగు గురించి, నేను చదువుకున్నది నా గురించి. వేరేవాళ్ళెవరైనా అయితే ఆ వాక్యం చదివి నవ్వుకుని వదిలేసేవాళ్ళు. నాన్న పొయ్యి దగ్గర పెరిగినవాణ్ణి గనక నాకు అది వేదంలా తోచింది.

డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. "ఈ మందులాంటిది మన ఒళ్ళు కూడా రోజూ కొంత తయారుచేసుకుంటుందండీ. బయటినుంచి మాత్ర వస్తోంది కదా అని అది పని మానేసి కూచుంది. మీరు ఉన్నట్టుండి మాత్ర ఆపేశారు. ఇటు మాత్రా లేదు, అటు ఒళ్ళూ లేవలేదు. ప్రాణం మీదికి రాక ఏమవుతుంది? తగ్గించాలంటే నెలల తరబడి, కొంచెం కొంచెంగా, నేను చెప్పినట్టు తగ్గించాలి."

నేను టీకా కోసమని నసిగాను. ఆయన తల పట్టుకున్నాడు. "పట్టు కొంత తగ్గొచ్చన్నాను, పట్టదన్నానా? అయినా వేసుకుందాం, మాత్ర మాత్రం ఆపకండి అని కూడా అన్నాను. మీరెక్కడో ఉన్నారు." అవును అక్కా, అప్పుడు నేను షెడ్డులో ఉన్నాను.

మొన్న సూది వేశారు, మాత్ర వేసుకుంటూనే. ఎంత పడుతుందని అడిగితే డాక్టరు నవ్వి, అందరికీ పట్టినంత పట్టకపోవచ్చు, అసలు లేనిదానికంటే చాలా మేలు అన్నాడు. మిగతా రక్షణ నా చుట్టూ ఉండేవాళ్ళు ఇవ్వాలట. నాతో ఒక కప్పు కింద ఉండేవాళ్ళందరూ టీకా వేయించుకోవాలట. నీ మరదలు అక్కడికక్కడే జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

ఈ చలికాలం ప్రయాణం వద్దన్నాడు. కాబట్టి నేను రాలేను. నువ్వూ రాకు అక్కా. ఎందుకో నీకు తెలుసు. సూదంటే నీకేమిటో నాకు తెలుసు గనక, నిన్ను అడగను. తొట్టి నువ్వే పెట్టు. మూత తియ్యనని నీ పంతం పట్టుకుని కూర్చోకు. గుడ్డ గాలికి మారేటప్పుడు ఒకసారి నాలాగా "ఎవరు?" అని అడుగు చాలు.

లేతరంగు

*

డిసెంబరు 5

తమ్ముడూ,

నువ్వు అడగనన్న ఆ ఒక్క మాట నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. అడిగి ఉంటే ఏదో వంక చెప్పేదాన్ని.

మొన్న షెడ్డుకు తాళం వేసి ఆసుపత్రికి వెళ్ళాను. గుమ్మందాకా వెళ్ళి ఒకసారి వెనక్కి వచ్చాను, అబద్ధమెందుకు. రెండోసారి లోపలికెళ్ళి బెంచీమీద కూర్చున్నాను. గోడకు దూకేంత ఎత్తు కూడా లేదు, చూశాను. నర్సు నా నీలం గోళ్ళు చూసి హడలిపోయి, "ఊపిరి ఆడట్లేదా అమ్మా?" అని పరిగెత్తుకొచ్చింది. రంగు తల్లీ ఇది, అద్దకం పని అన్నాను. నవ్వింది. ఆ నవ్వుకు నాకూ కాస్త ధైర్యం వచ్చి, నీ కుడిచేతి మచ్చ కథంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగా "అయిపోయింది, లేవండి" అంది. ఇంతేనా? ఇంతదానికా నేను బతుకంతా భయపడింది? ఇంటికొచ్చి ఏడ్చాను. చెయ్యి నొప్పికి కాదు.

తర్వాత తొట్టి మూత తీశాను. ఎప్పుడూ నీ గుడ్డ చివర కదా, ఈసారి అన్నిటికంటే ముందు నీ చొక్కా గుడ్డ ముంచాను. ఆకుపచ్చగా లేచింది. "ఎవరు?" అని అడిగాను. వడ్రంగి గోడ మీదినుంచి తల పెట్టి "నేనేనండీ" అన్నాడు.

ముంచడం, గాలికి పట్టడం, మళ్ళీ ముంచడం. నీలం ఎప్పుడూ ఒక్క మునకకు ఎక్కదు కదరా, మొదటిసారి లేతగానే ఉంటుంది. ఆ లేతరంగు దించెయ్యం, దానిమీదే మళ్ళీ ముంచుతాం. నీకు ఆ రోజు ఎరుపు సంగతి కాకుండా నీలం సంగతి రాసి ఉండాల్సింది. అంత దగ్గరిది నాకు తట్టనే లేదు.

టీకా ఒంటికి పట్టడానికి రెండు వారాలు ఆగమంది నర్సు. ఆగి, ఇరవై రెండున బస్సెక్కుతున్నాను. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకునే వస్తాను. ఎవరైనా పక్కన దగ్గితే దిగి తర్వాతి బస్సెక్కుతాను. వద్దనకు. ఇన్నాళ్ళూ నా సూది నువ్వు మోశావు. ఇది మాత్రం నీకోసం నేనే వేయించుకున్నాను, నా ఎడమచేతికి.

నీ అక్క

*

డిసెంబరు 12

అక్కకు,

వద్దనను. రా. నీ మరదలు అప్పుడే మంచం ఎండలో వేసి దులుపుతోంది.

చొక్కా కుట్టించకుండా గుడ్డే తీసుకురా, నా కొలతలు మారాయి. మాత్ర వల్ల మొహం గుమ్మడికాయలా గుండ్రంగా అయింది. ఎదురుగా నిలబడినా నువ్వు గుర్తుపట్టలేవు. డాక్టరు మోతాదు ఒక్క పిసరు తగ్గించాడు, బాగానే ఉన్నాను. చలికాలం పోయాక మెల్లగా ఇంకా తగ్గిస్తాడట.

ఒక సంగతి. పిప్పరమెంటు కోసం వెళ్ళానని ఇన్నేళ్ళూ నిన్ను ఏడిపించాను. ఆ రోజు బిళ్ళలు మా వరస సగంలో ఉండగానే అయిపోయాయి అక్కా. నాకు మొదటిసారే దొరకలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు డబ్బా ఖాళీ అని నాకు తెలుసు. నువ్వు తొట్టిలో ఉన్నావనీ తెలుసు. నిన్ను వెతుక్కుంటూ ఇంటికొస్తే మూత సందులోంచి నీ జడ రిబ్బను బయటికి వేలాడుతోంది. దాన్ని లోపలికి తోసి తిరిగి బడికి వెళ్ళాను.

ఇరవై రెండున బస్సు ఆగేచోట నిలబడి ఉంటాను. చలైనా సరే కుడిచెయ్యి భుజందాకా మడిచి ఉంచుతాను. మొహం చూడకు, నీ మచ్చ చూసి గుర్తుపట్టు.

నీ తమ్ముడు